లేజర్ పడవలో కంట్రోల్ తాళ్లు మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

వానాకాలంలో హుస్సేన్ సాగర్ మీద గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వీచినా, ఒడ్డున ఉన్న భవనాలనూ చెట్లనూ దాటి వచ్చేసరికి నిలకడ కోల్పోతుంది. ఒక్కసారిగా విసురుగా వచ్చి, అంతలోనే పడిపోతుంది. ఇలాంటి గాలిలో లేజర్ అనే చిన్న ఏకవ్యక్తి తెరచాప పడవను నడిపేవారు, బూమ్‌ను (తెరచాప అడుగున ఉండే అడ్డగడను) కిందికి లాగి పట్టే వాంగ్, మాస్ట్ (తెరచాపను నిలిపే నిలువు గడ) వెంట తెరచాప ముందు అంచును కిందికి బిగించే కనింగ్‌హామ్, తెరచాప వెనుక మూలను బూమ్ చివరకు లాగే ఔట్‌హాల్ అనే మూడు తాళ్లను పందెం పొడుగునా బిగిస్తూ వదులుతూ ఉండవలసిందే. 2019 నుంచి ఈ పడవ ఐఎల్‌సీఏ అనే పేరుతో పోటీలకు దిగుతున్నా, మన దగ్గర చాలామంది దాన్ని ఇప్పటికీ లేజర్ అనే అంటారు. తాళ్లు చేతికి లొంగనప్పుడు చాలామందికి మొదట తోచే ఉపాయం మరో కప్పీ తగిలించడం. అయితే లోపం సాధారణంగా మన బలంలో ఉండదు. ఆ బలం దారి మధ్యలో ఏదో ఒక రాపిడికి ఖర్చయిపోతుంది, కొత్త కప్పీ ఆ రాపిడిని మరికొంత పెంచుతుంది.

కాబట్టి లక్షణం ఏదైనా, ముందుగా పడవను ఒడ్డునే గాలికి ఎదురుగా నిలిపి, మూడు తాళ్లనూ పూర్తిగా వదిలేసి, ఒక్కొక్క తాడునూ అది కట్టి ఉన్న చోటు నుంచి క్లీట్ (లాగిన తాడును పళ్లతో పట్టి ఉంచే బిగింపు) దాకా వేలితో తడుముకుంటూ రావాలి. తాడు మరో తాడును ఒరుసుకునే చోటు, కప్పీ పక్కకు వాలిన చోటు, ముడి వెళ్లి కప్పీకి తట్టుకునే చోటు ఈ తనిఖీలోనే బయటపడతాయి.

లక్షణం: వాంగ్ ఎంత లాగినా బూమ్ కిందికి దిగదు

లేజర్ నిబంధనల ప్రకారం వాంగ్‌కు గరిష్ఠంగా 15:1 లాభం (కప్పీలు చేతి బలాన్ని పదిహేను రెట్లు చేయడం) ఉండవచ్చు. అంటే 10 కిలోల బలంతో లాగితే లెక్క ప్రకారం 150 కిలోల బిగువు రావాలి. తాడు తిరిగే ప్రతి కప్పీ దగ్గరా కొంత బలం పోతుంది కనుక నిజంగా అంత రాదు. కప్పీల మధ్య తాళ్లు ఒకదానికొకటి మెలిపడి ఉంటే అందులో సగం కూడా రాకపోవచ్చు. వాంగ్‌ను బూమ్ నుంచి విడదీసి గాలిలో వేలాడదీస్తే మెలిక ఎటు తిరిగి ఉందో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని విప్పి, తాళ్లు ఒకదాని పక్కన ఒకటిగా, దాటుకోకుండా ఉన్నాయని చూసుకున్న తరువాతే తిరిగి తగిలించాలి.

మెలిక లేకపోయినా బూమ్ దిగడం లేదంటే, కప్పీలు ముందే ఒకదానికొకటి తగులుకుంటున్నాయేమో చూడాలి. అప్పుడు మొదటి తాడును, అంటే కప్పీల వరుసకు పైన నేరుగా కట్టిన తాడును, కొంత పొట్టి చేయాలి. ఇవి రెండూ సరిగానే ఉంటే లోపం పరికరంలో కాదు, పద్ధతిలో ఉంది. వాంగ్‌ను ఒంటరిగా లాగి బూమ్‌ను దించాలనుకోవడం వృథా శ్రమ. మెయిన్‌షీట్‌ను (బూమ్‌ను లోపలికి లాగే ప్రధాన తాడును) దాని కప్పీలు రెండూ కలుసుకునేంత వరకు లాగితే బూమ్ దానంతటదే దిగుతుంది. ఆ క్షణంలో వాంగ్‌లో మిగిలిన వదులును లాగి బిగించుకోవాలి.

లక్షణం: వాంగ్ క్లీట్ నుంచి విడిపించినా బూమ్ లేవదు

బిగియకపోవడం కంటే ఇది ప్రమాదకరమైన లోపం. గాలి విసురు వచ్చినప్పుడు పడవను గాలివాలుకు తిప్పబోతే, వాంగ్ వదలని కారణంగా బూమ్ చివర నీటిని తాకి, పడవ తిరగక బోల్తా పడుతుంది. ఒడ్డున దీన్ని పరీక్షించడం తేలిక: వాంగ్‌ను వదిలి, బూమ్ చివరను చేత్తో పైకెత్తాలి. మధ్యలో ఎక్కడా పట్టేయకుండా బూమ్ సాఫీగా లేవాలి. పట్టేస్తే, చేతితో లాగే కొస చిక్కుపడిందా, కొసన వేసిన ముడి మరీ దగ్గరగా ఉందా, కప్పీకి తగినదాని కంటే లావు తాడు వాడారా అని వరుసగా చూడాలి. నా అనుభవంలో లావు తాడే తరచుగా దోషి. చేతికి పట్టు బాగుంటుందని కొంటారు గానీ, తడిసిన తరువాత అది కప్పీలో కదలనంటుంది.

లక్షణం: కనింగ్‌హామ్ బిగించినా మాస్ట్ వెంట ముడతలు పోవు

తేలిక గాలిలో ఆ ముడతలు కొంత ఉన్నా నష్టం లేదు. గట్టి గాలిలో వాంగ్ బిగించినప్పుడు మాస్ట్ వంగి తెరచాప ముందు అంచు వదులవుతుంది కనుక, అంతకు ముందు సరిపోయిన బిగువు ఇప్పుడు సరిపోదు, ఇంకా లాగాలి. లాగడానికి తాడు మిగలకపోతే, ఇక్కడా కప్పీలు ముందే కలుసుకుంటున్నాయని అర్థం. మరొక కారణం ఈ పడవకే ప్రత్యేకం: తెరచాపను మాస్ట్‌కు గొట్టంలా తొడుగుతారు. తడిసిన తొడుగు మాస్ట్‌కు అంటుకుని, ముఖ్యంగా మాస్ట్ రెండు ముక్కలు కలిసే చోట, జారనంటుంది. వదిలినప్పుడు కూడా తెరచాప పైకి పోకపోతే తొడుగును చేత్తో పైకి నెట్టడమే మందు.

లక్షణం: ఔట్‌హాల్ వదిలినా తెరచాప అడుగు అంచు నిండదు

తెరచాప వెనుక మూలను బూమ్‌కు చుట్టి కట్టిన తాడు మరీ బిగుతుగా ఉంటే ఆ మూల ముందుకు జరగదు. మరీ వదులుగా ఉంటే మూల పైకి లేచి, వెనుక అంచు తెరుచుకుపోతుంది. జారేంత సందు మాత్రమే ఉంచాలి. ఆ మూలను ముందుకు లాగే ఎలాస్టిక్ తాడు కట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. తేలిక గాలిలో అది చాలా మేలు చేస్తుంది.

లక్షణం: ఒకటి లాగితే రెండోది కదులుతుంది

మాస్ట్ అడుగున ఉన్న కప్పీల గుండా కనింగ్‌హామ్, ఔట్‌హాల్ తాళ్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుని వెళ్లాయన్న మాట. విప్పి మళ్లీ ఎక్కించడం తప్ప మార్గం లేదు. రెండింటికీ వేర్వేరు రంగుల తాళ్లు వాడితే ఈ పొరపాటు కంటికే దొరుకుతుంది.

లక్షణం: క్లీట్ పట్టదు, తాడు జారిపోతుంది

సాగర్ నీటిలో ఉప్పు లేదు గానీ నాచు, మట్టి, సన్నని చెత్త పుష్కలంగా ఉన్నాయి. వినాయక నిమజ్జనం తరువాత అయితే చెప్పనక్కర్లేదు. క్లీట్ పళ్ల మధ్య పేరుకున్న జిగురును మంచినీటితో, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. పళ్లకు నూనె పూయకూడదు. కడిగినా జారుతుంటే పళ్లు అరిగాయా, తాడు క్లీట్‌కు తగినదాని కంటే సన్నగా ఉందా చూడాలి. పైతొడుగు లేని డైనీమా (చాలా బలమైన సింథటిక్ నార) తాడు సాగదు గానీ నున్నగా ఉండి క్లీట్‌లో జారుతుంది. అందుకని కప్పీల మధ్య డైనీమా, చేతితో లాగే చోట పాలిస్టర్ తొడుగున్న తాడు వాడటం మంచిది. రాణీగంజ్‌లో చవకగా దొరికే నైలాన్ తాడు పడవను ట్రాలీకి కట్టడానికి బాగుంటుంది, కానీ అది సాగుతుంది. వాంగ్‌గా వాడితే ప్రతి గాలి విసురుకూ బూమ్ లేస్తూనే ఉంటుంది.

నున్నని డైనీమాలో మామూలు బౌలైన్ ముడి (తాడు కొసన ఉచ్చు వేసే ముడి) కూడా జారవచ్చు. ఒక చుట్టు అదనంగా వేసి, కొసను బెత్తెడు పొడవు వదిలి, ముడిని చేత్తో గట్టిగా లాగి కుదించిన తరువాతే పడవను నీటిలోకి దించాలి.