బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో కంప్రెషన్ పెట్టినా డిస్క్‌లో ఖాళీ పెరగడం లేదా?

లినక్స్‌లో వాడే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ డేటాను కుదించి డిస్క్‌లో రాయగలదు. డిస్క్‌లను ఎలా మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో కంప్రెస్ ఆప్షన్‌కు జెడ్‌ఎస్‌టీడీ (ఒక కుదింపు పద్ధతి) అని రాసి, రీమౌంట్ చేసిన తర్వాత కూడా ఫోల్డర్ సైజు తగ్గలేదని అడిగేవారు సాధారణంగా డీయూ కమాండ్ ఇచ్చిన అంకెనే చూసి ఉంటారు. డీయూ లెక్కించేది కంప్రెషన్‌కు ముందున్న సైజు కాబట్టి, డేటా ఎంత చక్కగా కుదించుకున్నా ఆ అంకె మారదు. దయచేసి మరేదీ ముట్టుకోకముందు ఆ ఫోల్డర్‌పై కాంప్‌సైజ్ అనే టూల్ నడపండి. కంప్రెస్ కాని డేటాను ‘నన్’ వరుసలోనూ, అయినదాన్ని ‘జెడ్‌ఎస్‌టీడీ’ వరుసలోనూ అది విడివిడిగా చూపిస్తుంది.

దాదాపు అంతా ‘నన్’లోనే ఉంటే, మౌంట్ ఆప్షన్ ఆ తర్వాత రాసిన డేటాకే వర్తిస్తుందన్నదే కారణం, పాత ఫైళ్లను తిరిగి రాస్తే తప్ప అవి కుదించుకోవు. అందుకు ఫైళ్లను తిరిగి రాసే డీఫ్రాగ్‌మెంట్ కమాండ్‌ను జెడ్‌ఎస్‌టీడీ ఆప్షన్‌తో నడపమని అందరూ చెబుతారు. అయితే ఒకానొక క్షణంలో డేటా ఉన్న స్థితిని భద్రపరిచే స్నాప్‌షాట్లున్న డిస్క్‌లో ఆ కమాండ్ ఇస్తే ఖాళీ పెరగకపోగా తగ్గుతుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

స్నాప్‌షాట్ తీసినప్పుడు డేటాకు మరో కాపీ తయారవదు. అసలు ఫైలూ, స్నాప్‌షాటూ డిస్క్‌లోని ఒకే ఎక్స్‌టెంట్లను (డేటా ఉండే ముక్కలను) పంచుకుంటాయి. డీఫ్రాగ్‌మెంట్ అసలు ఫైలును కొత్తచోట కుదించి రాసి ఆ ముడిని తెంపేస్తుంది, స్నాప్‌షాట్ మాత్రం పాత ఎక్స్‌టెంట్లను వదలదు. 400 జీబీ డేటా సగానికి కుదించుకుందనుకుంటే, డిస్క్‌లో అది ఆక్రమించేది 200 జీబీ కాదు, 600 జీబీ. ఒక రాత్రి సర్వర్‌పై ఈ కమాండ్ ఇచ్చి వెళ్లి తెల్లవారి చూసేసరికి డిస్క్ నిండిపోయింది, డేటాబేస్ ఆగిపోయింది. గంటగంటకూ స్నాప్‌షాట్ తీసే టైమర్ ఒకటి నడుస్తున్న సంగతి నాకు గుర్తే లేదు. కంగారులో కొన్ని స్నాప్‌షాట్లు తీసేసినా ఫలితం కనిపించలేదు, ఎందుకంటే పాత ఎక్స్‌టెంట్లను పట్టుకుని ఉన్న చివరి స్నాప్‌షాట్ పోయేదాకా ఆ జాగా తిరిగి రాదు.

కాబట్టి డీఫ్రాగ్‌మెంట్‌కు ముందు ‘సబ్‌వాల్యూమ్ లిస్ట్’ కమాండ్‌లో స్నాప్‌షాట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, టైమర్‌ను ఆపండి, బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉందని నిర్ధారించుకున్నాకే అక్కర్లేనివి తొలగించండి. తొలగింపు వెనుక మెల్లగా సాగుతుంది. ‘సబ్‌వాల్యూమ్ సింక్’ కమాండ్ ముగిసేదాకా ఆగి, ‘ఫైల్‌సిస్టమ్ యూసేజ్’ కమాండ్‌లో ఖాళీ నిజంగా పెరిగిందని చూశాక, ఒక్కో ఫోల్డర్ చొప్పున నడపండి. స్నాప్‌షాట్లను తీసేయడానికి వీల్లేకపోతే పాత డేటాను అలాగే వదిలేయడం మేలు. కొత్తగా రాసేది ఎలాగూ కుదించుకుంటుంది. రీఫ్లింక్‌తో, అంటే ఒకే డేటాను పంచుకునేలా, చేసిన కాపీలకూ ఇదే వర్తిస్తుంది.

ఏదో ఒక్క ఫైలే మొండికేస్తే, ఎల్‌ఎస్‌ఆటర్ కమాండ్‌లో దానికి పెద్ద ‘సీ’ గుర్తు ఉందేమో చూడండి; ఉంటే దానికి కాపీ ఆన్ రైట్ (మార్పులను పాతదానిపై కాక కొత్తచోట రాసే పద్ధతి) ఆపేసినట్టు. అలా ఆపేసిన వర్చువల్ మెషీన్ ఇమేజ్‌ల వంటివి కంప్రెస్ కావు. జేపెగ్ ఫొటోలు, వీడియోలు ముందే కుదించినవి కాబట్టి వాటిపై సమయం వెచ్చించవద్దు. జెడ్‌ఎస్‌టీడీ లెవెల్‌ను డిఫాల్ట్ అయిన 3 నుంచి 15కు పెంచితే ప్రాసెసర్‌పై భారం పెరుగుతుందే గానీ ఈ సమస్యల్లో ఏ ఒక్కటీ తీరదు.