పల్చటి ఆయిల్ చాంబర్ వేశాక ఆయిల్ లైట్ వెలుగుతోందా? సుజుకి హయబూసా బైక్ ఉన్నవాళ్లకు సమస్య - పరిష్కారం

లో-ప్రొఫైల్ ఆయిల్ పాన్‌ను (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే, లోతు తక్కువ గిన్నె) మన మెకానిక్‌లు చాంబర్ అనే అంటారు. ఇది పుట్టింది డ్రాగ్ రేసుల కోసం, అంటే తిన్నటి దారిలో తక్కువ దూరం పరుగు పందేల కోసం. బండిని బాగా కిందికి దించి, సైలెన్సర్ బెండ్ పైపులను ఇంజిన్ కిందుగా తిప్పాలంటే లోతుగా ఉండే కంపెనీ చాంబర్ అడ్డొస్తుంది. అక్కడ పరుగు 402 మీటర్లే, కొన్ని సెకన్లలో అయిపోతుంది. మనం అదే చాంబర్‌తో ట్రాఫిక్‌లో గంటలు గంటలు తిరుగుతాం. కింద రాసిన తిప్పలు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి.

గట్టిగా బ్రేక్ వేస్తే ఆయిల్ లైట్ మినుకుమంటుంది

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. పళ్లెంలో నీళ్లు పోసి చేత్తో పట్టుకుని నడుస్తూ ఒక్కసారి ఆగండి, నీళ్లన్నీ ముందు అంచుకు ఎగబాకుతాయి. అదే లోతైన చెంబులో అయితే అడుగున నీళ్లు మిగులుతాయి. చాంబర్‌లోనూ అంతే. బ్రేకింగ్ బలం గురుత్వాకర్షణకు సమానమైతే ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలుతుంది, గట్టి బ్రేక్ దానికి దగ్గరగా వెళ్తుంది. లోతు లేని చాంబర్‌లో పికప్ (పంపు కోసం ఆయిల్ పీల్చే గొట్టం) ఆయిల్ లోంచి బయటపడి, ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది. డ్రాగ్ బండికి ముఖ్యం యాక్సిలరేషన్, అప్పుడు ఆయిల్ వెనక్కి పోతుంది కాబట్టి పికప్ వెనకవైపు ఉంటే సరిపోతుంది. రోడ్డు మీద మనకు బ్రేకే ముఖ్యం. మలుపులో వాలినప్పుడు మాత్రం ఈ భయం లేదు, బండి కూడా వాలుతుంది కాబట్టి ఆయిల్ అడుగునే ఉంటుంది.

ముందు ఆయిల్ లెవెల్ చూడండి. ఇంజిన్‌ను మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి. ఇంకో మూడు నిమిషాలాగి, బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ విండోలో చూడాలి. పై గీత దాకా ఉన్నా లైట్ వెలుగుతోందంటే, పికప్ చుట్టూ అడ్డగోడలున్న చాంబర్ వేయండి, లేదా కంపెనీదే తిరిగి బిగించండి. నేనైతే రెండోదే చేయమంటాను. ఆయిల్ ప్రెషర్ దాదాపు పడిపోయాక గానీ ప్రెషర్ స్విచ్ లైట్ వెలిగించదు. క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) బేరింగ్‌ను కాపాడే ఆయిల్ పొర వెంట్రుక కంటే సన్నం. 'ఒక్క క్షణమే కదా' అని దయచేసి వదిలేయకండి.

చాంబర్ మార్చాక స్టార్ట్ చేస్తే లైట్ ఆరడం లేదు

కొన్ని సెకన్లలో ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి. పాత పొడుగు పికప్‌నే పల్చటి చాంబర్‌లో పెడితే దాని మూతి అడుగుకు ఆనుకుని ఆయిల్ అందదు. లేదా పికప్ ఓ-రింగ్ (రబ్బరు రింగు) నలిగిపోయి గాలి లాగుతుంది. చాంబర్‌తో వచ్చిన పొట్టి పికప్, కొత్త ఓ-రింగ్ వాడండి. బిగించే ముందు పికప్ మూతికి పిల్లలు ఆడుకునే క్లే కాస్త అంటించి, అతుకు మధ్య పెట్టే ప్యాకింగ్‌తో సహా చాంబర్ పెట్టి తీయండి. నొక్కుకున్న క్లే మందం ఎంతో, అక్కడ ఖాళీ అంత. చాంబర్ తయారుచేసినవాళ్లు చెప్పిన కొలతతో పోల్చుకోండి. తర్వాత క్లే మొత్తం తుడిచేయండి.

ఎయిర్‌బాక్స్‌లో (ఇంజిన్‌కు గాలి అందించే డబ్బాలో) ఆయిల్, సైలెన్సర్‌లో పొగ

మాన్యువల్‌లో రాసినన్ని లీటర్లు పోసేశారన్నమాట. ఆ లెక్క కంపెనీ చాంబర్‌కు. చిన్న చాంబర్‌లో అంత పోస్తే మట్టం క్రాంక్ దాకా లేస్తుంది, క్రాంక్ దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది. నురగను పంపు సరిగా తోయలేదు, కాబట్టి ఎక్కువ పోసినా ప్రెషర్ పడిపోవచ్చు. లీటర్లు మర్చిపోండి, విండో గీతను నమ్మండి. ముందు, వెనక సమానంగా దించని బండిలో ఆ గీత కూడా కాస్త తప్పు చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

ప్యాకింగ్ దగ్గర చెమ్మ

పాత ప్యాకింగ్ మళ్లీ వాడొద్దు. బోల్టులను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించండి. చెమ్మ ఆగడం లేదని సిలికాన్ దట్టంగా పూయకండి. ఒక బండి చాంబర్ విప్పితే, పికప్ జల్లెడకు సిలికాన్ పోగులు ఉడికిన సేమియాలా చుట్టుకుని కనిపించాయి. ఆ రోజు నుంచి సిలికాన్ ట్యూబ్ చూస్తేనే నాకు టెన్షన్.

స్పీడ్ బ్రేకర్ మీద కింద గీసుకుంటోంది

పల్చటి చాంబర్ వేశాం కదా అనుకుంటాం, కానీ దాని కింద పైపులున్నాయి. హయబూసా ఎత్తు నేల నుంచి సుమారు 120 మి.మీ.; 50 దించితే మిగిలేది 70. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలతల స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల పొడవు, 17 మీటర్ల వ్యాసార్ధం. 1.48 మీటర్ల దూరంలో ఉన్న రెండు చక్రాల మధ్య అది పైకి లేచేది 16 మి.మీ. మాత్రమే, అక్కడ గీసుకోదు. గీసేవి కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టిన నిటారు దిమ్మెలు. వాటికి పరిష్కారం బండిని తిరిగి లేపడమే. ఒకసారి గట్టిగా తగిలితే ఇంటికొచ్చాక పైపుల కింద, డ్రెయిన్ బోల్టు చుట్టూ టార్చ్ వేసి చూడండి. బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున దాని మీద చుక్కలు పడ్డాయేమో చూసి గానీ మళ్లీ స్టార్ట్ చేయకండి.