2డీ గేమ్‌లో లోతు తెప్పించడం ఎలా?

గేమ్‌లు తయారుచేసే గోడాట్ ఇంజిన్ 4.3 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ, బొమ్మలు గీయడానికి ఏదో ఒక యాప్ ఉంటే చాలు. దూరపువి నెమ్మదిగా, దగ్గరివి వేగంగా కదిలితే లోతు కనిపిస్తుంది, దీన్నే పారలాక్స్ అంటారు. పాత ట్యుటోరియల్స్‌లో చెప్పే పారలాక్స్ బ్యాక్‌గ్రౌండ్, పారలాక్స్ లేయర్ జోలికి పోకండి. 4.3లో వచ్చిన పారలాక్స్2డీ నోడ్ (గోడాట్‌లో సీన్‌ని కట్టే ముక్కని నోడ్ అంటారు) ఒక్కటే వాడండి.

ఆకాశం, కొండలు, చెట్లు, హీరో నడిచే నేల. ఈ నాలుగూ విడివిడి లేయర్లుగా గీయండి. నాలుగు దాటొద్దు. 1982లో వచ్చిన మూన్ పాట్రోల్ అనే ఆర్కేడ్ గేమ్ కూడా కొద్ది లేయర్లతోనే నెగ్గుకొచ్చింది. నేల తప్ప మిగతా మూడింటినీ తలో పారలాక్స్2డీ కింద పెట్టి, స్ప్రైట్‌కి (బొమ్మని చూపించే నోడ్‌కి) 'సెంటర్డ్' టిక్ తీసేసి, బొమ్మ పక్కపక్కనే మళ్లీ మళ్లీ వచ్చేలా రిపీట్ సైజ్‌లో బొమ్మ వెడల్పు వేయండి.

చిక్కంతా స్క్రోల్ స్కేల్ దగ్గరే, అంటే నేల కదిలే దాంట్లో ఆ లేయర్ ఎన్నో వంతు కదలాలో చెప్పే అంకె దగ్గర. చాలామంది 0.9, 0.8, 0.7 అని మెట్లలా వేసుకుంటూ పోతారు. దాంతో కొండలూ చెట్లూ అతుక్కుని కదులుతున్నట్టుంటుంది. అది తోచినట్టు వేసే అంకె కాదు. కెమెరా నుంచి నేల ఉన్న దూరానికి రెండింతల దూరంలో ఉంటే 0.5, నాలుగింతలైతే 0.25, ఇరవై ఇంతల దూరపు కొండకి 0.05, ఆకాశానికి 0.

అందరూ ఇక్కడితో ఆగిపోతారు. అదే అంకె సైజుకీ వర్తిస్తుందని ఎవరూ పట్టించుకోరు! హీరో ఎత్తు 48 పిక్సెళ్లు అనుకోండి. ఎదిగిన తాటిచెట్టు మనిషికి దాదాపు పదింతలు. అంటే హీరో పక్కనైతే 480, అదే 0.25 లేయర్‌లో 120. అక్కడ 300 పిక్సెళ్ల చెట్టు పెట్టారంటే, పాతిక మంది మనుషుల ఎత్తున్న తాటిచెట్టు గీసినట్టే. చూసేవాళ్లకి తప్పెక్కడుందో తెలీదు గానీ సీన్ అట్టముక్కలా కనిపిస్తుంది. పిక్సెల్ ఆర్ట్ అయితే పెద్ద బొమ్మని ఇంజిన్‌లో కుదించకండి, 120లోనే మళ్లీ గీయండి. 3డీ కెమెరా పెడితే ఈ లెక్కంతా దానంతటదే అవుతుందంటారు. అవుతుంది, కానీ పిక్సెల్ సైజు మన చేతిలో ఉండదు.

స్క్రోల్ స్కేల్‌లో ఎక్స్‌కి (అడ్డానికి) వేసిన అంకే వైకి (నిలువుకి) కూడా వేయండి. వైలో 1 అలాగే వదిలేస్తే హీరోతో పాటు కెమెరా పైకి లేచినప్పుడు కొండలు కూడా నేలతో సమానంగా కిందికి జారతాయి. 0.05 వేశాక కొండల అడుగున ఖాళీ బయటపడొచ్చు, అందుకే కింద కొంచెం ఎక్కువ గీసుకోండి.

రంగులది పెద్ద పని కాదు. దూరం పెరిగేకొద్దీ ఆకాశం రంగు కలపండి. బ్లర్ మాత్రం వద్దు, అది గీత రానివాళ్ల ఉపాయం.