రెండో శనివారం చదువు: ఫ్యామిలీ కోర్టు జూనియర్లకు మా బ్రాడీపేట పద్ధతి

ఎన్‌రోల్ అయ్యాక ఏటా ఇన్ని గంటలు చదివి తీరాలన్న నిర్బంధం మన వకీళ్లకు లేదు. టెక్సాస్‌లో ప్రాక్టీసు చేస్తున్న మా పిన్ని కూతురు మాత్రం ఏడాదికి 15 గంటల చదువు లెక్క చూపించాలి. ఆ సంగతి చెబితే "ఇంకా హోంవర్కేనటే నీకు" అని ఎగతాళి చేశాను. ఆ నెలలోనే మా జూనియర్ రాసుకొచ్చిన పిటిషన్‌లో "పెళ్లయ్యాక భర్త కొన్న ఆస్తిలో భార్యకు చట్టప్రకారం సగం" అని ఉంది. దంపతులు పెళ్లయ్యాక సంపాదించినదంతా ఉమ్మడి అనేది టెక్సాస్ చట్టం, అక్కడా కచ్చితంగా సగమే అని లేదు. మనకసలు అలాంటి చట్టమే లేదు. ఎక్కడ చదివావురా అంటే ఫోన్ చూపించాడు.

అప్పటి నుంచి రెండో శనివారం, కోర్టుకు సెలవు కాబట్టి, పొద్దున పదింటికి గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసులో కూర్చుంటున్నాం. ఏడుగురం. ఒక్కోసారి విజయవాడ నుంచి ఇద్దరు ముగ్గురు బస్సెక్కి వస్తారు. మీ బార్‌లోనూ ఇలాంటిది పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఉపన్యాసం మాత్రం పెట్టకండి. పెద్దాయన్ని పిలిచి శాలువా కప్పితే, గంటా ఆయన మొదటి కేసు కబుర్లకే సరిపోతుంది. ముగిసిపోయిన ఫైలొకటి తీయండి. పేర్లు, ఊళ్లు, సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు నల్ల స్కెచ్‌తో కొట్టేసి జిరాక్స్ తీయించి, బుధవారానికల్లా అందరి చేతిలో పెట్టండి. తీర్పు మీ దగ్గరే ఉంచుకోండి. గుంటూరు చిన్న ఊరు, "ఆ డాక్టర్ల ఇల్లు" అన్నా ఫలానా వాళ్లని పోల్చేస్తారు. అందుకని పదేళ్లు దాటిన ఫైళ్లే వాడతాను, పార్టీల వృత్తులు కూడా మార్చేస్తాను.

ఆస్తి మీద మొదటి రోజుకు ఫైలు కూడా అక్కర్లేదు. రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న ఇచ్చిన తీర్పు ప్రకారం మనోవర్తి అడిగేవాళ్లూ, ఇవ్వాల్సినవాళ్లూ ఆస్తులు అప్పుల అఫిడవిట్ వేయాలి. ఆ నమూనా తీసి జూనియర్లకిచ్చి, ఎవరింటి లెక్క వాళ్లే నింపుకు రమ్మనండి. నాకు చూపించక్కర్లేదు, నింపితే చాలు. మా వాళ్లలో ఇద్దరికి తమ ఇంటి లోను ఇంకా ఎంత ఉందో తెలియదు. ఒకమ్మాయికి తన పేరు మీద పోస్టాఫీసు డిపాజిట్ ఉందని ఆ వారమే తెలిసింది. ఆ తర్వాత, పార్టీ "నాకేం ఆస్తుల్లేవండీ" అనగానే నమ్మేసి రాసుకోవడం మానేశారు.

ఆ తీర్పులో వ్యవసాయదారులకు విడిగా ఇంకో నమూనా ఉంది. మన వైపు చాలామంది దాన్ని తిప్పి కూడా చూడరు, జీతగాళ్ల నమూనాలోనే "వ్యవసాయం" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. మన జిల్లాలో ఆస్తంతా ఆ ముక్క వెనకే దాక్కుంటుంది. ఎకరాలు, అడంగల్, 1-బి లాంటి పొలం రికార్డులు సరే. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎవరి పేరున ఉన్నాయి? కమీషన్ కొట్టు ఖాతాలో ఎంత నిలవుంది? అమరావతి రాజధాని కోసం చేసిన భూసమీకరణకు (పూలింగ్‌కు) పొలం ఇచ్చిన కుటుంబమైతే తిరిగొచ్చిన ప్లాటు ఎవరిది, కౌలు ఎవరి ఖాతాలో పడుతోంది? ఎకరా మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు (నది పక్క సారవంతమైన నేలకు) 50 వేలతో మొదలైన కౌలది, ఏటా పెరుగుతూ పోయింది. అది అఫిడవిట్‌లో కనబడకపోతే అడగాలన్న సంగతి మీ జూనియర్‌కు తట్టాలి. ఇవన్నీ ఎదుటి పార్టీని అడిగే ప్రశ్నలుగా వాళ్ల చేతే రాయించండి.

ఇక బంగారం. ఇక్కడ నా సొంత తప్పే పాఠంగా చెబుతాను. ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తల్లో ఒక పిటిషన్‌లో "సుమారు అరవై కాసుల బంగారం" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ "వడ్డాణం ఎన్ని కాసులమ్మా?" అని ఒక్కటే అడిగారు. మా క్లయింటు గ్యాలరీలో ఉన్న వాళ్లమ్మ వైపు చూసింది. అంతే. స్త్రీధనం భార్య సొంతమని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, చట్టానికేం లోటు లేదు. లోటు నా పట్టికలో ఉంది.

అందుకని ఒక పెళ్లి ఆల్బమ్ తెప్పించి (మాది మా అక్కదే, ఆమె ఒప్పుకుంది) పట్టిక వేయించండి. నగ పేరు, బరువు, చేయించింది ఎవరు, బిల్లు ఉందా, ఆల్బమ్‌లో ఎన్నో పేజీలో కనబడుతుంది, చివరిసారి ఎవరి బీరువాలో చూశారు. ఫోన్ ఫోటోలైతే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జత చేయించండి. ఫ్యామిలీ కోర్ట్స్ యాక్ట్ 14వ సెక్షన్ సాక్ష్యాల దగ్గర వెసులుబాటు ఇస్తుంది కదా, ఎందుకీ శ్రమ అంటారు. అవే ఫోటోలు రేపు గృహహింస కేసులో మెజిస్ట్రేటు ముందుకు పోతే అక్కడ ఆ వెసులుబాటు ఉండదు.

హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పరిధి ఎంతో కూడా ఇక్కడే చెప్పేయండి: పెళ్లి సందర్భంగా వచ్చి ఇద్దరికీ ఉమ్మడిగా చెందే వస్తువులు, అంతవరకే. విడాకుల డిక్రీతోపాటు ఫ్లాటు కూడా పంచేస్తారనుకునే జూనియర్లు ఉన్నారు. పసుపు కుంకుమ కింద పొలం "ఇచ్చాం" అని తల్లిదండ్రులు ఎంత గట్టిగా చెప్పినా, మొదటి ప్రశ్న రిజిస్ట్రేషన్ అయిందా అనే. స్థిరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) తీయకుండా ఆస్తి గురించి ఒక్క అక్షరం రాసినా మా ఆఫీసులో ఆ రోజు టీలు వాడివే.

పిల్లల విషయానికి వచ్చేసరికి సెక్షన్లు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర, అన్నిటికన్నా బిడ్డ క్షేమం పైన, తెలివిగా ఆలోచించే వయసుంటే బిడ్డ మాటా వినొచ్చు. అసలు పని క్యాలెండర్‌తో.

గోడ క్యాలెండర్ ఒకటి బల్ల మీద పరిచి, ఎర్ర పెన్సిలు నాన్నకి, నీలం అమ్మకి ఇవ్వండి. ఇద్దరు జూనియర్లు తల్లీ తండ్రీ తరఫున కూర్చుని ఏడాదంతా పంచుకోవాలి. "రెండో, నాలుగో ఆదివారం తండ్రికి" అని ఎవరైనా మొదలెడితే నేను ఆపుతాను. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? ఎక్కడ అప్పగించాలి? పిల్లకి జ్వరమొస్తే ఆ రోజు పోయినట్టేనా, మరో రోజు ఇస్తారా? దసరా సెలవులు సగం సగమైతే పండగ రోజు ఎవరి సగంలో పడింది? సంక్రాంతికి భోగి ఒకరికి, పండగ ఒకరికి అంటే కనుమ ఏమైంది? పదో తరగతి స్టడీ అవర్లు ఆదివారం కూడా పెడితే? ఒప్పందంలో వేళ రాయకపోవడం వల్ల ఒక తండ్రి పొద్దున్నే ఆరింటికొచ్చి గేటు కొట్టిన కేసు నాకు తెలుసు. రాసింది నేనే.

ఫోన్ కూడా క్యాలెండర్‌లోకి ఎక్కాలి. బిడ్డ దగ్గర లేని తల్లికో తండ్రికో రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని యశితా సాహు కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్ ఎన్నింటికి, ఎవరి ఫోన్ నుంచి, పక్కన ఎవరు కూర్చోకూడదో రాయించండి.

మూడో కుర్చీ అమ్మమ్మకో నాయనమ్మకో వేయండి. ఈ ఆలోచన మా గుమాస్తా గారిది. నేను చూసిన కేసుల్లో సగానికి సగం బిడ్డను నిజంగా పెంచుతున్నది వాళ్లే, పిటిషన్‌లో మాత్రం వాళ్ల ఊసు ఉండదు. ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడు పోయిన నెల "మీరిద్దరూ డ్యూటీకి పోతే స్కూలు బస్సు దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు. క్యాలెండర్ మొత్తం చెరిపి మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది.

అమెరికా కేసులు మనకు ఎక్కువే కాబట్టి ఏడాదికి ఒక శనివారం వాటికి కేటాయించండి. 1991 నాటి నరసింహారావు, వెంకటలక్ష్మి కేసు చదవకుండా ఎవరినీ రానివ్వకండి. తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు, ఆ డిక్రీ ఇక్కడ చెల్లలేదు. పిల్లల అపహరణ మీద 1980 హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదన్నదీ గుర్తు చేయండి. మా పిన్ని కూతురు ఆ రోజు వీడియోలో కూర్చుంటుంది. ఆ గంటన్నర తన 15 గంటల్లోకి రాదని ప్రతిసారీ సణుగుతుంది.

పన్నెండున్నరకి తీర్పు పేజీలు బయటికి తీసి చదవండి. తమ డ్రాఫ్టుకీ కోర్టు ఇచ్చినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో ఎవరిది వాళ్లే అంచున రాసుకోవాలి. జిరాక్స్ కాపీలన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకుని చింపేశాకే భోజనాలకు లేవనివ్వండి.