మేడమీద పొద్దున పది, సాయంత్రం పది

పోయిన వానాకాలం అమ్మ బాత్రూములో జారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. ఎముకల సాంద్రత పరీక్ష కాగితం చూశాక డాక్టరమ్మ నావైపు తిరిగి, "నీకెన్నేళ్ళమ్మా?" అంది. 26 అన్నాను. "నీకింకా టైముంది, వాడుకో."

ఎముక బలం చాలావరకు 20 ఏళ్ళలోపే కూడుతుంది, 30 దగ్గరికి వచ్చేసరికి పైమెట్టుకు చేరుతుంది. ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవడమే. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయాక కరుగుదల ఇంకా వేగం.

నేనేమో రోజూ హబ్సిగూడ నుంచి సైకిల్ మీద ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళొచ్చేదాన్ని, ఆదివారం ఈత. గుండెకు మంచివే. ఎముకకు మాత్రం వాటితో ఒరిగేది తక్కువ: ఒంటి బరువును అక్కడ సీటు మోస్తుంది, ఇక్కడ నీళ్ళు మోస్తాయి. ఎముక లోపలి కణాలు కుదుపును పసిగట్టి, ఆ చోట కొత్త ఎముక వేయమని కబురంపుతాయి. కుదుపు లేకపోతే కబురూ లేదు. అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు 1 శాతం పైగా తగ్గేది అందుకే. టెన్నిస్ ఆడేవాళ్ళకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండోదానికన్నా లావుగా ఉండేదీ అందుకే.

అందుకని గెంతాలి. కానీ మొదటిరోజే కాదు. రెండు మూడు వారాలు లిఫ్టు మానేసి మెట్లెక్కండి, గుంజీళ్ళు తీయండి, మడమలెత్తి దించండి. మోకాళ్ళు అలవాటుపడ్డాక షూ వేసుకుని పొద్దున 10 గెంతులు, సాయంత్రం 10. మోకాళ్ళు కొద్దిగా వంచి దిగండి. ఒక్కో గెంతు తర్వాత కాస్త ఆగండి. ఒకేసారి వంద వేసేస్తే వందకీ ఫలం రాదు. కొన్ని పదుల కుదుపులకే ఆ కణాలు మొద్దుబారిపోతాయి, తేరుకోవడానికి గంటలు పడుతుంది. అలవాటయ్యాక పక్కలకు, ముందుకూ వెనక్కీ గెంతండి. ఎముకకు కొత్తదనం కావాలి. షటిల్ ఆడితే అది దానంతటదే వస్తుంది.

గెంతులు మణికట్టును పట్టించుకోవు. అమ్మ చెయ్యి చూశాక నేను గోడకు ఆనుకుని పుషప్‌లు మొదలుపెట్టి, నెలలో నేలమీదికి వచ్చాను. వారానికి రెండుసార్లు బరువులు కూడా.

మోకాలి కింద, కాలి ముందువైపు ఎముకలో ఒకే చోట, వేలు పెడితే చాలు నొప్పి అనిపిస్తే ఆపేసి డాక్టరుకు చూపించండి. అది హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, కావచ్చు. సన్నబడాలని తిండి మానేసి వ్యాయామం చేసే అమ్మాయిలకు మరీ గట్టిగా చెబుతున్నాను: నెలసరి తప్పుతుందంటే ఎముక కూడా కరుగుతున్నట్టే. అప్పుడు కావాల్సింది ఇంకో పది గెంతులు కాదు, అన్నం.

మా పక్క తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం. పెద్ద గ్లాసు పాలలో సుమారు 300 ఉంటుంది. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350. ఒక గ్లాసు జావకు పట్టే పిండి ముప్పై గ్రాములే, కాబట్టి జావ ఒక్కటే చాలదు, పెరుగూ ఉండాలి.

ఫలితం కోసం నెలకే స్కానింగుకు పరిగెత్తకండి. పాత ఎముక తీసి కొత్తది వేసుకోవడానికి నెలలు పడుతుంది, మానేస్తే వచ్చింది మెల్లగా పోతుంది.

ఎముక పలచబడ్డవాళ్ళకు ఈ గెంతులు పనికిరావు. నేను మేడమీద గెంతుతుంటే అమ్మ పక్కనే కుర్చీలోంచి, ఫిజియోథెరపీలో నేర్పినట్టు, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటుంది.