బడి కమిటీలో ఉన్నారా? ఏం చేశారో, ఇక ఏం చేస్తారో తల్లిదండ్రులకు ఇలా చెప్పండి

ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీకి ఎన్నికై ఏడాది అయ్యిందంటే, మిమ్మల్ని ఎన్నుకున్నవాళ్లకు లెక్క చెప్పే టైమ్ వచ్చినట్టే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. కాబట్టి ఆఫీసు భాష వద్దు, వీధిలో ఎదురైతే ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి.

ముందు మినిట్స్ పుస్తకం తీయండి. ఏడాది తీర్మానాలన్నీ చదువుతూ ఒక్కోదాని పక్కన అయ్యింది, సగంలో ఉంది, కాలేదు అని పెన్సిల్‌తో రాసుకోండి. తీర్మానం పెట్టినంత మాత్రాన పని అయినట్టు కాదు.

తర్వాత లేచి వెళ్లి చూడండి, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. ఆడపిల్లల మరుగుదొడ్డి పూర్తయిందని పుస్తకంలో రాసింది నేనే. వారం తర్వాత ఇంటర్వెల్‌లో వెళ్లి చూస్తే లోపల గడియ లేదు, ఒకమ్మాయి లోపలికి వెళ్తే ఇంకొకమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడుతోంది, బకెట్ ఉంది గానీ అందులో చుక్క నీళ్లు లేవు. అక్కడికి వెళ్లాల్సి వస్తుందని పొద్దున్నుంచి మంచినీళ్లే తాగట్లేదని ఆ పిల్ల చెప్తుంటే నా మనసు చివుక్కుమంది. అందుకే 'కట్టాం' అని రాయకండి, గడియ పడుతోందా, నీళ్లు వస్తున్నాయా అన్నది రాయండి.

చదువు సంగతీ అంతే. హెడ్మాస్టర్‌ని అడిగి, మూడో తరగతి పిల్లలతో రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. తడుముకోకుండా ఎంతమంది చదివారో ఆ సంఖ్య ఒక్కటే రాసుకోండి, పిల్లల పేర్లు మీటింగ్‌లో ఎత్తొద్దు. మూడు నెలలకు మళ్లీ చదివించి చూడండి. తక్కువ వస్తే వెంటనే టీచర్ మీద పడకండి. 1 నుంచి 5 తరగతుల్లో పిల్లలు 60 మంది లోపే ఉన్నా చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లు ఉండాలి, మీ బడిలో ఒక్కరే ఉంటే మీరు కొట్లాడాల్సింది ముందు ఆ రెండో టీచర్ కోసం.

లక్ష్యాలు మూడు చాలు. పదిహేను చెప్తే ఎవరికీ గుర్తుండవు, మీకూ ఉండవు. ప్రతిదానికీ ఎవరు చూస్తారు, ఏ నెలకల్లా అన్నది ఉండాలి. గడియ బిగించడం మీ చేతిలో పని, అదనపు గది మీ చేతిలో లేదు, ఆ తేడా దాచకుండా చెప్పండి. గది లాంటివి పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో రాయించండి, గ్రాంట్లకు దాన్నే ఆధారంగా తీసుకోవాలని చట్టం చెప్తోంది. మార్చితో ఆర్థిక సంవత్సరం అయిపోతుంది కదా, డిసెంబర్‌లోపే సిద్ధం చేసుకుంటే మంచిది.

మీటింగ్ పగలు పదకొండింటికి పెట్టకండి, కూలికి వెళ్లేవాళ్లు ఒక రోజు డబ్బులు పోగొట్టుకుని రావాలి. సాయంత్రం పెట్టండి. కానివాటితోనే మొదలుపెట్టండి, ఎందుకు కాలేదో చెప్పండి, అప్పుడే అయినవాటిని నమ్ముతారు. పది నిమిషాల్లో ముగించి వాళ్లను మాట్లాడనివ్వండి. వెనక కూర్చున్న అమ్మలను మీరే పలకరించి అడగండి, అన్నం ఉడికిందో లేదో, పిల్ల బడికి ఎందుకు రానంటోందో వాళ్లకే తెలుసు.

చివరికి ఆ మూడు లక్ష్యాలు, చూసేవాళ్ల పేర్లు, గడువులు పెద్ద అక్షరాలతో రాసి బడి గేటు పక్కన అంటించండి, కింద తర్వాతి మీటింగ్ తేదీ కూడా వేయండి.