రాయగడ, కొరాపుట్ వైపు ఉద్యోగానికి వచ్చినవారికి: కంపెనీ కారు లీజు లెక్క

రాయగడ, తెరుబలి, టికిరి, సునాబేడ, దామన్‌జోడి. ఈ వైపు ఫ్యాక్టరీలకు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి మనవాళ్లు ఉద్యోగాలకు వస్తూనే ఉంటారు. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. రాయగడ బజారులోనూ మజ్జిగౌరమ్మ గుడి దగ్గరా తెలుగు బాగానే నడుస్తుంది. ఒడియా మెల్లగా వస్తుంది. ఇల్లు, స్కూలు, గ్యాసు సంగతులు ఆఫీసులో ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది కారు గురించి. చాలా ప్రైవేటు కంపెనీల్లో చేరగానే కంపెనీ కారు లీజుకు తీసుకుంటారా అని అడుగుతారు. అంటే లీజు కంపెనీ కొన్న కారును మీరు కొన్నేళ్లు వాడుకుంటారు, దాని నెల అద్దె మీ జీతంలోంచి పోతుంది. కొత్తవాళ్లు షోరూం ధర చూసి చిన్న కారుకు టిక్ పెట్టేస్తారు. కాస్త ఆగి లెక్క వేసుకోండి, ఎందుకంటే ఖరీదైన కారుకే నెల అద్దె తక్కువ పడే సందర్భాలు ఉన్నాయి.

లీజులో మీరు కట్టేది కారు మొత్తం ధర కాదు. గడువులో కారు విలువ ఎంత తగ్గుతుందో అది, దాని మీద వడ్డీ, లీజు కంపెనీ ఖర్చులు, లాభం. అందుకే గడువు తీరాక ఆ కారు ఎంతకు అమ్ముడుపోతుందన్నదే అసలు ప్రశ్న. లెక్క కోసం రెండు కార్లు అనుకుందాం. ఒకటి 20 లక్షలది, నాలుగేళ్ల తర్వాత కూడా 12 లక్షలు పలుకుతుంది. రెండోది 18 లక్షలది, అప్పటికి 7 లక్షల 20 వేలే వస్తుంది. మొదటిదాని విలువ 8 లక్షలు తగ్గింది, అంటే నెలకు సుమారు 16,667 రూపాయలు. 20, 12 లక్షల సగటు 16 లక్షల మీద ఏడాదికి 10 శాతం వడ్డీ వేస్తే నెలకు 13,333. మొత్తం 30,000. రెండోదాని విలువ 10 లక్షల 80 వేలు తగ్గింది, నెలకు 22,500. వడ్డీ 10,500. మొత్తం 33,000. ధరలో రెండు లక్షలు ఎక్కువైన కారుకు అద్దె నెలకు మూడు వేలు తక్కువ. దీనికి తోడు లీజు కంపెనీలు ఒకేసారి చాలా కార్లు కొంటాయి కాబట్టి, మనకు షోరూంలో దొరకని తగ్గింపు వాళ్లకు దొరుకుతుంది.

ఈ లాభం ఆపరేటింగ్ లీజులోనే పూర్తిగా కనిపిస్తుంది. అందులో గడువు తీరాక కారు వెనక్కి ఇచ్చేస్తారు, రీసేల్ బాధ్యత లీజు కంపెనీదే. ఫైనాన్స్ లీజులో దాదాపు మొత్తం ధర మీ అద్దెలోనే వసూలై, చివర్లో కొద్ది మొత్తానికి కారు మీ పేరు మీదికి వస్తుంది. అక్కడ ఖరీదైన కారు నెలనెలా ఖరీదుగానే ఉంటుంది, రీసేల్ లాభం మీరే అమ్ముకున్నప్పుడు వస్తుంది. మీ కంపెనీలో ఉన్నది ఏ రకమో తెలియకుండా సంతకం చేయకండి.

ఇక పన్ను. కంపెనీ కారు వాడుకోవడాన్ని కూడా ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. ఆఫీసు పనికీ సొంత పనికీ కలిపి వాడే కంపెనీ కారు మీద, మీ ఆదాయానికి కలిపే మొత్తం కారు ధరను బట్టి ఉండదు, ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. ఖర్చులన్నీ కంపెనీ భరిస్తే 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా 1.6 లీటర్ల వరకు నెలకు 1,800, ఆపైన 2,400, డ్రైవర్ ఉంటే మరో 900. పది లక్షల కారుకైనా ముప్పై లక్షల కారుకైనా అంతే. ఆ రేట్ల ప్రకారం చూస్తే, పై ఉదాహరణలో 30,000 అద్దె జీతం నుంచి పన్నుకు ముందే పోతుంది, 2,400 మాత్రం ఆదాయంలో కలుస్తుంది. మిగిలిన 27,600 మీద, 30 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున సుమారు 8,600 పన్ను తగ్గుతుంది. అదే కారు సొంతంగా కొంటే ఈఎంఐ పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచే కట్టాలి. కొత్త పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు లేకపోయినా ఇది మాత్రం ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఇప్పటి అంకెలు మీ కంపెనీలో జీతాల లెక్క చూసే పేరోల్ వాళ్ల దగ్గర తీసుకుని ఇదే పద్ధతిలో లెక్క వేయండి.

అందరికీ ఇది కలిసొస్తుందని మాత్రం అనను. 2025-26 లెక్కన కొత్త విధానంలో 30 శాతం స్లాబు 24 లక్షల పైనే మొదలైంది. ఏడాది జీతం 12 లక్షల 75 వేల లోపు ఉన్నవారికి అసలు పన్నే లేదు, అలాంటప్పుడు పన్ను కోసం లీజు తీసుకోవడంలో అర్థం లేదు. ఇల్లు కొనే ఆలోచన ఉంటే, లీజు వల్ల చేతికొచ్చే జీతం తగ్గి బ్యాంకు ఇచ్చే హోం లోన్ కూడా తగ్గవచ్చు. అద్దె మీద జీఎస్టీ కూడా ఉంటుంది. సాధారణంగా అది మన కంపెనీకి వెనక్కి రాదు కాబట్టి, కొటేషన్‌లో అంకె జీఎస్టీతో కలిపో కాదో అడగండి.

ఖరీదైన కారు అన్నాను కదా అని జర్మన్ బ్రాండ్ల వైపు వెళ్లకండి. మన దేశంలో వాటి విలువ త్వరగా పడిపోతుంది, పైగా సర్వీసింగ్‌కు విశాఖో భువనేశ్వరో వెళ్లాలి. ఈ కొండల్లో నా ఓటు ఇన్నోవా తరగతి కార్లకు. సుంకి మీదుగా సాలూరు దిగే ఘాట్ రోడ్డులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వర్షంలో వెళ్లినా భయం ఉండదు, పాతబడ్డాక కూడా అడిగేవాళ్లు ఉంటారు.

కిలోమీటర్ల పరిమితి తప్పక చూడండి. జయపురం నుంచి విశాఖ వెళ్లి వస్తే 400 కిలోమీటర్లు దాటుతుంది. నెలకు రెండుసార్లు వెళ్లొచ్చేవారికి ఏడాదికి దాదాపు పదివేల కిలోమీటర్లు దానికే పోతాయి. పరిమితి దాటిన ప్రతి కిలోమీటరుకూ విడిగా కట్టాలి. ఉద్యోగం మధ్యలో మానేస్తే మిగిలిన లీజు ఎవరు భరిస్తారన్నది కూడా కాగితం మీదే ఉండాలి, మాట మీద వదలకండి.

కారు రిజిస్ట్రేషన్ సాధారణంగా లీజు కంపెనీ పేరు మీద గానీ, మీ కంపెనీ పేరు మీద గానీ ఉంటుంది. ఆంధ్రా నంబరుతో వచ్చిన బండి ఒడిశాలో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ మళ్లీ రోడ్ ట్యాక్స్ కట్టాలి. అందుకని మొదటే ఒడిశా నంబరు వేయించమని అడగండి: రాయగడ అయితే ఓడీ 18, కొరాపుట్ అయితే ఓడీ 10.